తెమడ పరీక్షకు దారి ఖర్చెంత? – మదనపల్లె, పుంగనూరు, కుప్పం క్షయ చరిత్ర

మదనపల్లె పేరు చెప్పగానే టీచర్లకు రవీంద్రనాథ్ టాగూర్ గుర్తొస్తారు. 1919 ఫిబ్రవరిలో ఆయన ఇక్కడి థియోసాఫికల్ కాలేజీకి వచ్చారు, జనగణమనను ఇక్కడే ఇంగ్లీషులోకి మార్చారు. పిల్లలకు చెప్పదగిన సంగతే. అయితే వైద్యశాస్త్రం చదివినవాళ్ళకు, మరీ ముఖ్యంగా క్షయ గురించి చదివినవాళ్ళకు, మదనపల్లె పేరు తెలిసింది పాట వల్ల కాదు, దగ్గు వల్ల. ఊరికి కొద్ది దూరంలో ఆరోగ్యవరం ఉంది. దశాబ్దాల పాటు అక్కడ క్షయ ఆస్పత్రి నడిచింది. ఆ ఆస్పత్రి వాళ్ళు 1950లలో మన ఊళ్ళు తిరిగి రాసుకున్న లెక్కలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయ్యాయి. దేశదేశాల డాక్టర్లు వాటిని చదివారు. ఊపిరితిత్తులు ఫోటో తీయించుకున్న ఊళ్ళవాళ్ళకు మాత్రం ఆ కథ అందలేదు.

ఈ చరిత్ర రాసినవాళ్ళంతా డాక్టర్లు. వాళ్ళ తప్పు కాదు, మనవాళ్ళు రాయలేదు కాబట్టి వాళ్ళే రాశారు. మేము దాన్ని మరో వైపు నుంచి చదవాలనుకుంటున్నాం. మా ప్రశ్న ఒక్కటే. క్షయ ఉందో లేదో తెలుసుకోవడానికి సుగాలి తాండాలో ఉన్న మనిషికి, ఊరి చివర ఎరుకల ఇంటికి, చెరువు గట్టున యానాది ఇంటికి ఎంత ఖర్చయింది, ఇప్పుడెంతవుతోంది? పరీక్ష ఉచితం అని గోడ మీద రాసి ఉంటుంది. ఆ గోడ దాకా వెళ్ళడానికయ్యే ఖర్చు ఎవరూ ఎక్కడా రాయరు.

ఆరోగ్యవరం శానటోరియం 1912లో మొదలైంది. దక్షిణ భారతంలో పనిచేస్తున్న క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టుకున్నాయి కాబట్టి యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానటోరియం అని పేరు పెట్టారు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని మొదటి సూపరింటెండెంట్. మదనపల్లెను ఎంచుకోవడానికి కారణం గాలి. సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉన్న ఊరు, పొడి వాతావరణం, చుట్టూ కొండలు. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం మీద విశ్రాంతి, అదే చికిత్స. కూలికి పోతే గానీ పొయ్యి వెలగని ఇంట్లో మనిషి నెలల తరబడి మంచం మీద పడుకోవాలంటే, ఆస్పత్రి ఒక్క పైసా అడగకపోయినా ఆ వైద్యం అతనికి అందదు. శానటోరియం చేసిన సేవను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ పద్ధతిలోనే పేదవాడికి చోటు తక్కువ.

అదే కాలంలో మన గురించి ప్రభుత్వం ఏం చేస్తోందో పక్కన పెట్టి చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికి స్టువర్టుపురం సెటిల్మెంటు అప్పగించారు. ఎరుకలవాళ్ళను కుటుంబాలతో సహా అక్కడికి చేర్చారు. రోజూ హాజరు, వేలిముద్రలు, అనుమతి చీటీలు. మదనపల్లెలో మిషన్ డాక్టర్లు రోగుల పేర్లు రాసుకుంటున్న ఏళ్ళలోనే కోస్తాలో ఇంకో మిషన్ వాళ్ళు మన పేర్లు వేరే పుస్తకంలో రాసుకుంటున్నారు. రిజిస్టరు అనగానే మన పెద్దవాళ్ళు ఎందుకు జంకుతారో, పేరు, ఊరు, ఆధార్ అడగగానే ఇంట్లోకి ఎందుకు వెళ్ళిపోతారో ఆరోగ్య కార్యకర్తలకు అర్థం కావాలంటే ఈ చరిత్ర తెలియాలి. ఆ చట్టం 1952లో గానీ పోలేదు.

ఇక పరీక్ష సంగతి. క్షయ సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రకటించాడు. ఆ తర్వాత కొద్దికాలానికే తెమడను గాజుపలక మీద పూసి, ఎర్ర రంగు పట్టించి, ఆమ్లంతో కడిగి, నీలం రంగు వేసి చూసే పద్ధతి వచ్చింది. మిగతావన్నీ నీలంగా మారిపోతే క్షయ క్రిమి మాత్రం ఎర్రగా మిగులుతుంది. నూట నలభై ఏళ్ళు దాటినా ఈ పరీక్ష ఇంకా బతికే ఉంది. చౌక కాబట్టి. సూక్ష్మదర్శిని, రెండు మూడు రంగులు, ఓపిక ఉన్న కళ్ళు ఉంటే చాలు. లోపం ఏమిటంటే ఒక మిల్లీలీటరు తెమడలో సుమారు పదివేల క్రిములు ఉంటే గానీ కంటికి దొరకవు. జబ్బు ముదిరినవాళ్ళనే అది పట్టుకుంటుంది. పిల్లల్లో, బక్కచిక్కిన ఆడవాళ్ళలో తరచుగా తప్పిపోతుంది.

ఎక్స్‌రే ముందే పట్టుకుంటుంది. కానీ పెద్ద ఫిల్ము, పెద్ద ఖర్చు. ఈ చిక్కును విప్పినవాడు బ్రెజిల్ డాక్టరు మాన్యుయెల్ డి అబ్రూ. 1936లో ఆయన తెర మీద పడిన ఛాతీ నీడను మామూలు కెమెరాతో చిన్న ఫిల్ము మీదికి తీసే పద్ధతి కనిపెట్టాడు. రియో నగరంలో పేదల పేటల్లో క్షయ విపరీతంగా ఉండేది, అందరికీ పెద్ద ఫిల్ము తీసే డబ్బు ఎవరికీ లేదు. అందుకే ఈ ఉపాయం. ఖర్చు తగ్గడంతో పాటు గంటకు ఎంతోమందికి తీసేయవచ్చు, యంత్రాన్ని బండిలో పెట్టుకుని తిరగవచ్చు. పేదల కోసం పుట్టిన ఆ యంత్రమే తర్వాత మదనపల్లె మట్టిదారుల మీదికి వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, 1948లో, దేశంలో బీసీజీ టీకాను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన రెండు కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. అంతకుముందు శానటోరియం నడిపిన డాక్టర్ పి.వి. బెంజమిన్ అప్పటికి కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారు. 1950లో క్రిస్టియన్ మోలర్ కొడుకు డాక్టర్ యోహానెస్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో పెద్ద పరిశోధన మొదలైంది. మదనపల్లె పట్టణం, దాని చుట్టూ పది మైళ్ళ లోపల సుమారు 200 గ్రామాలు, అరవై వేల దాకా జనం. ముందు ఇంటింటికీ వెళ్ళి పేర్లు రాశారు. తర్వాత చర్మం కింద ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేశారు, బండి మీద ఎక్స్‌రే తీశారు, నీడ కనిపించినవాళ్ళ తెమడ చూశారు. అయిదేళ్ళ పాటు ఈ పని సాగింది. 1960లో దాని నివేదిక వంద పేజీలకు పైగా అచ్చయింది.

ఈ పనిలో మాకు ముఖ్యంగా కనబడినది అంకెలు కాదు, నడిచిన దిక్కు. చర్మ పరీక్షను సూది వేసిన రెండు మూడు రోజులకు మళ్ళీ చూసి వాపును కొలవాలి. అంటే ఒకే మనిషి దగ్గరికి రెండుసార్లు పోవాలి. రెండుసార్లూ డాక్టర్లే ఊరికి వచ్చారు, ఊరు డాక్టరు దగ్గరికి పోలేదు. ఎక్స్‌రే కూడా ఊరి దగ్గరే. ఎవరి కూలీ పోలేదు, ఎవరూ చంటిపిల్లను చంకనేసుకుని మైళ్ళు నడవలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఊరంతటికీ పరీక్ష చేస్తున్నప్పుడు ఎవరి మీదా వేలు చూపించినట్టుండదు. ఈనాటికీ మన తాండాల్లో క్షయ అంటే పెళ్ళి సంబంధాలు చెడతాయని, పొత్తుకు రారని దాచుకుంటారు. మండల కేంద్రంలో తెమడ డబ్బా పట్టుకుని నిలబడితే తెలిసినవాళ్ళెవరో చూస్తారు. అందరి ఛాతీనీ ఫోటో తీస్తే ఆ సిగ్గు ఎవరికి?

పూర్తిగా పొగిడే పని కూడా కాదిది. బీసీజీ ఎంతవరకు కాపాడుతుందో తేల్చడానికి కొందరికి టీకా వేసి, మరికొందరికి వేయకుండా ఉంచి, ఏళ్ళ తరబడి పోల్చి చూశారు. శాస్త్రానికి అది అవసరమే. అయితే మనుషుల మీద చేసే పరిశోధనల్లో వాళ్ళ అనుమతి తీసుకోవాలని చెప్పిన హెల్సింకి ప్రకటన 1964లో గానీ రాలేదు. ఆనాటి పల్లె మనిషికి తాను ఏ వరుసలో ఉన్నాడో ఎవరైనా చెప్పారా, చెప్తే అర్థమయ్యేలా చెప్పారా అని అడిగే హక్కు ఆ ఊళ్ళ మనవళ్ళకు ఉంది.

మరొకటి, ఆ పది మైళ్ళ గీత. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో ఆ గీత సగం దారిలోనే ఆగిపోతుంది. కుప్పం సంగతి చెప్పనక్కరలేదు, పలమనేరు దాటి, అడవి దాటి, మూడు రాష్ట్రాలు కలిసే మూల. పుంగనూరు అప్పటిదాకా జమీందారీ, కుప్పం కూడా ఆ చివర. పరిశోధన జరిగిన ఊళ్ళకు అయిదేళ్ళ పాటు బండి వచ్చింది. గీత అవతలి ఊళ్ళకు అదీ లేదు. ఒకే జిల్లాలో, ఒకే కొండల వరుసలో, కొలతబద్ద ఎక్కడ ఆగిందో అక్కడే వైద్యం కూడా ఆగింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో జరిగినవి చాలా పెద్ద మార్పులు. 1955 నుంచి 1958 వరకు దేశమంతటా నమూనా సర్వే చేశారు. క్షయ పట్టణాల జబ్బు అనుకునేవారు కదా, పల్లెల్లోనూ దాదాపు అంతే ఉందని తేలింది. ప్రతి వెయ్యిమందిలో సుమారు నలుగురి తెమడలో క్రిములున్నాయి. మద్రాసులో 1956లో మొదలైన పరిశోధన మూడేళ్ళకే శానటోరియాల పునాది కదిలించింది. మాత్రలు ఇంటి దగ్గర వేసుకున్న పేదలకు, శానటోరియంలో మంచి తిండీ విశ్రాంతీ దొరికినవాళ్ళకు దాదాపు సమానంగా నయమైంది. ఇంట్లో ఉన్నందువల్ల కుటుంబంలోవాళ్ళకు ఎక్కువగా అంటుకోలేదు కూడా. మదనపల్లె వాళ్ళు కూడా పల్లెల్లో ఇంటి దగ్గరే మందులిచ్చే పద్ధతిని పరీక్షించి చూశారు. మంచం అక్కర్లేదు, మాత్ర చాలు అని తేలిపోయింది. మిగిలింది ఒక్కటే, ఎవరికి మాత్ర ఇవ్వాలో తెలుసుకోవడం.

దానికి జవాబు వెతికింది బెంగళూరులో 1959లో పుట్టిన జాతీయ క్షయ సంస్థ. కుప్పం రైలెక్కితే రెండు మూడు గంటల్లో చేరే ఊరే. అక్కడ పనిచేసిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ తుమకూరు జిల్లా పల్లెల్లో క్షయ ఉన్నవాళ్ళను వెతికి పట్టుకుని, 'మీకు దగ్గు ఉందని తెలుసా, ఏం చేశారు' అని అడిగారు. 1963లో అచ్చయిన ఆ పరిశోధన ప్రతి టీచరూ తెలుసుకోవలసినది. పల్లె జనానికి జబ్బు తెలియదు, అజ్ఞానం, అని అప్పటిదాకా చదువుకున్నవాళ్ళు అనుకునేవారు. తేలింది వేరు. దాదాపు అందరికీ తమ లక్షణాలు తెలుసు. చాలామంది దిగులుపడుతున్నారు. సగం మందికి పైగా అప్పటికే ఏదో ఆస్పత్రి గడప తొక్కి వచ్చినవాళ్ళే. అక్కడ వాళ్ళకు దొరికింది దగ్గు మందు సీసా. తెమడ పరీక్ష ఎవరూ చేయలేదు.

'గిరిజనులకు అవగాహన లేదు' అనే మాట మీటింగుల్లో ఇప్పటికీ వింటాం. తుమకూరు ఏం చెప్పిందో చూశాక ఆ మాట అనేవాళ్ళను ఒక ప్రశ్న అడగవచ్చు. దగ్గుతో వచ్చిన మనిషిని ఎన్నిసార్లు సీసా ఇచ్చి పంపారు?

1962లో జాతీయ క్షయ కార్యక్రమం మొదలైంది. ఆలోచన బాగుంది. బండ్లు ఊరూరా తిప్పే ఖర్చు దేశం భరించలేదు, జబ్బున్నవాళ్ళు ఎలాగూ ఆస్పత్రికి వస్తున్నారు కాబట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే సూక్ష్మదర్శిని పెట్టి, దగ్గుతో వచ్చిన ప్రతివాడి తెమడ చూడాలి. జిల్లా కేంద్రంలో ఎక్స్‌రే. కుప్పం నుంచి చిత్తూరు సుమారు వంద కిలోమీటర్లు. ముప్పై ఏళ్ళ తర్వాత, 1992లో, ప్రభుత్వమే సమీక్ష చేయించుకుంటే బయటపడినవి ఇవి: డబ్బు చాలలేదు, తెమడ పరీక్షను వదిలేసి ఎక్స్‌రే మీదే ఆధారపడ్డారు, మందులు మొదలుపెట్టినవాళ్ళలో సగం మంది కూడా పూర్తి చేయలేదు. చౌక పరీక్ష చేతిలో ఉండి, వాడకుండా, దూరపు పరీక్ష మీద ఆశ పెట్టుకున్న కాలమది.

ఆ ఖాళీలోకి ప్రైవేటు ల్యాబులు వచ్చాయి. వేలికొసనో, మోచేతి దగ్గరో రక్తం తీసి 'టీబీ ఉంది, లేదు' అని చెప్పే పరీక్షలు దేశమంతటా నడిచాయి. పేదలు అప్పు చేసి మరీ చేయించుకున్నారు. ఆ రక్త పరీక్షలు నమ్మదగినవి కావని, లేనివాళ్ళకు ఉందనీ ఉన్నవాళ్ళకు లేదనీ చెప్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తేల్చింది. మన ప్రభుత్వం 2012లో వాటిని నిషేధించింది. పనికిరాని పరీక్ష ఎంత చౌకైనా దండుగే. ఆ డబ్బంతా ఎవరికి తిరిగొచ్చింది? మరుసటి ఏడాది కొన్ని ప్రైవేటు ల్యాబులు కలిసి, మంచి పరీక్షలకు ఇంతకు మించి తీసుకోం అని ఒప్పందానికి వచ్చాయి. అందులో జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షకు 1,700 రూపాయల పరిమితి పెట్టారు. పట్టణంలో జీతగాడికి అది మేలే. టమాట మార్కెట్లో గంపలు మోసేవాళ్ళకు అది రోజుల కూలి.

జీన్‌ఎక్స్‌పర్ట్ గురించి కాస్త చెప్పాలి. 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన యంత్రం. తెమడను ఒక ప్లాస్టిక్ డబ్బీలో పోసి పెడితే రెండు గంటల్లోపు క్షయ జన్యువును వెతికి చెప్తుంది. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందు పనిచేస్తుందో లేదో కూడా చెప్తుంది. సూక్ష్మదర్శినికి పదివేల క్రిములు కావాలంటే దీనికి నూట ముప్పై చాలు. ఆ డబ్బీ ఒకసారి వాడి పారేయాలి, ఖరీదంతా అక్కడే. 2012లో దాతృత్వ సంస్థలు, కొన్ని ప్రభుత్వాలు డబ్బు కట్టి, పేద దేశాల ప్రభుత్వాలకు డబ్బీ ధరను 9.98 డాలర్లకు దించాయి. 2023 దాకా అది కదల్లేదు. తయారీ ఖర్చు అంతకంటే చాలా తక్కువని, 5 డాలర్లకు ఇవ్వాలని రోగుల సంఘాలు, సరిహద్దులు లేని వైద్యులు సంస్థ ఏళ్ళ తరబడి పోరాడాక కంపెనీ 7.97 డాలర్లకు దిగింది. ఈలోపు మన దేశంలోనే ట్రూనాట్ వచ్చింది. బెంగళూరు ల్యాబులో రూపు దిద్దుకుని, గోవాలోని మోల్‌బయో కంపెనీ తయారు చేస్తున్నది. బ్యాటరీతో నడుస్తుంది, ఏసీ గది అక్కర్లేదు, బల్ల మీద పట్టేంత చిన్నది. 2020లో దానికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దొరికింది. కరెంటు వస్తూపోతూ ఉండే ఆరోగ్య కేంద్రానికి సరిపోయే యంత్రం ఇదే అని మా అభిప్రాయం.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. 7.97 డాలర్లంటే ఆనాటి మన డబ్బులో ఏడు వందల లోపు. అది ప్రభుత్వం పెట్టుకుంటుంది. ఇక తాండా మనిషి ఖర్చు. కూలి నాలుగు వందలు, రానూపోనూ ఛార్జీ ఎనభై అనుకుందాం. మొదటి రోజు వెళ్ళి ఒక తెమడ ఇవ్వాలి. మరుసటి ఉదయం లేవగానే వచ్చిన తెమడ పట్టుకుని మళ్ళీ వెళ్ళాలి. ఫలితం కోసం మూడోసారి. మూడు రోజుల కూలి పన్నెండు వందలు, ఛార్జీలు రెండు వందల నలభై, మొత్తం 1,440 రూపాయలు. జబ్బు మనిషి ఒంటరిగా పోలేడు, తోడు ఒకరు కావాలి, అప్పుడు 2,880. ఫలితం రాలేదు, రేపు రమ్మన్నారంటే ఇంకో రోజు. లోకమంతా డబ్బీ ధర మీద రెండు డాలర్ల కోసం పదకొండేళ్ళు పోట్లాడింది, పోట్లాడాల్సిందే. కానీ డబ్బీ ధరకు నాలుగింతలు దారి మీదే పోతోంది, ఆ లెక్క ఎవరి పద్దులోనూ లేదు.

లేదనడం కూడా పూర్తిగా సరికాదు. గిరిజనుల కష్టం కొన్ని కాగితాల మీదికి వచ్చింది. 1997 తర్వాత విస్తరించిన సవరించిన కార్యక్రమంలో మామూలు ప్రాంతంలో లక్ష జనాభాకు ఒక తెమడ పరీక్షా కేంద్రం, గిరిజన, కొండ ప్రాంతాల్లో యాభై వేలకే ఒకటి అని నిర్ణయించారు. నోటిఫై అయిన గిరిజన ప్రాంతాల రోగులకు దారి ఖర్చుల కింద ఒకసారి 750 రూపాయలు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. ఇక్కడే మన చిక్కు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఐదో షెడ్యూలు ప్రాంతం ఒక్క ఊరు కూడా లేదు. పాడేరులో, రంపచోడవరంలో మనిషి గిరిజనుడు, అతను ఉన్న నేల కూడా గిరిజన ప్రాంతమే. పుంగనూరు తాండాలో మనిషి గిరిజనుడే, నేల మాత్రం కాదు. మైదాన ప్రాంత గిరిజనులం అనే పేరు మోస్తున్నాం గానీ, ఆ పేరుతో వచ్చే బస్సు ఛార్జీ లేదు. క్షయ మాత్రం నేల చూసి రాదు. 2018లో వచ్చిన గిరిజన ఆరోగ్య నిపుణుల కమిటీ నివేదిక ప్రకారం దేశమంతా కలిపి లక్షకు 256 మందికి క్షయ ఉంటే గిరిజనుల్లో 703 మందికి ఉంది. ఆ 703 లెక్క షెడ్యూలు ప్రాంతపు గీత దగ్గర ఆగుతుందా?

రోగం తేలినవాళ్ళందరికీ నిక్షయ్ పోషణ పథకం కింద 2018 నుంచి నెలకు 500, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. మంచిదే. అయితే అది తేలాక వచ్చే డబ్బు. తేలకముందు చేసిన ఖర్చుకు అది జవాబు కాదు.

కుప్పం గురించి విడిగా చెప్పాలి, అక్కడి జబ్బుకు ఇంకో మేత ఉంది. గ్రానైట్. 'కుప్పం గ్రీన్' అనే పేరుతో ఆ రాయి విదేశాలకు పోతుంది. రాయి కోసేటప్పుడు, తొలిచేటప్పుడు లేచే సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ తెస్తుంది, సిలికోసిస్ ఉన్న ఊపిరితిత్తిలో క్షయ సులభంగా నాటుకుంటుంది. పక్కనే ఉన్న కోలారు బంగారు గనుల్లో ఈ సంగతి ఎప్పుడో బయటపడింది. గనులు 2001లో మూతపడ్డాయి, దుమ్ము రాతి క్వారీలకు మారింది. క్వారీ కూలీ దగ్గితే 'దుమ్ము దగ్గులే' అని అతనూ అంటాడు, మేస్త్రీ కూడా అంటాడు. రెండు జబ్బులూ ఎక్స్‌రేలో నీడలే చూపిస్తాయి. తెమడను యంత్రంలో పెడితే గానీ ఏది ఏదో తేలదు. కుప్పంలో వైద్య కళాశాల ఉంది, పెద్ద ఆస్పత్రి ఉంది. పట్టణంలో ఆస్పత్రి ఉండటం, క్వారీలో కూలీకి పరీక్ష అందడం రెండూ ఒకటి కాదు.

ఇక వలస. తెల్లవారుజామున కుప్పం స్టేషన్లో బెంగళూరు రైలు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. కూలి అక్కడ, ఇల్లు ఇక్కడ. పరీక్ష ఒక రాష్ట్రంలో, మందులు ఇంకో రాష్ట్రంలో. నిక్షయ్ అనే కంప్యూటర్ రిజిస్టరు 2012 నుంచి ఉంది, ఒకచోట నమోదైతే ఇంకోచోట మందులు తీసుకునే వీలు ఉంది. ఆ నంబరు కాగితం మీద రాయించుకుని దగ్గర పెట్టుకోవాలని వలసపోయేవాళ్ళకు చెప్పేవాళ్ళు కావాలి. రిజిస్టరంటే జంకే మన పెద్దలకు ఇది పోలీసు పుస్తకం కాదని చెప్పాల్సింది చదువుకున్న మన పిల్లలే.

2019 నుంచి 2021 వరకు దేశంలో మళ్ళీ పెద్ద సర్వే జరిగింది. 1950లలో మదనపల్లె చేసినట్టే ఎక్స్‌రే బండ్లు ఊళ్ళకు పోయాయి. లక్షణాలు ఉన్నవాళ్ళలో నూటికి అరవై నాలుగు మంది ఎక్కడా వైద్యం కోసం వెళ్ళలేదు. ఎక్స్‌రే లేకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే నూటికి 42 మందికి పైగా రోగులు తప్పిపోయేవారు, వాళ్ళకు దగ్గు కూడా చెప్పుకోదగినంత లేదు. దీని తర్వాతే చేతిలో పట్టుకునే చిన్న ఎక్స్‌రే యంత్రాలను ఊళ్ళకు పంపడం మొదలైంది. 2024 డిసెంబరులో ప్రారంభమైన వంద రోజుల కార్యక్రమంలో వాటిని వాడారు. డెబ్బై ఏళ్ళ క్రితం మదనపల్లె చుట్టూ తిరిగిన బండి ఇప్పుడు సంచిలో పట్టేంత అయింది. ఈసారి అది పది మైళ్ళ దగ్గర ఆగకూడదు. తాండా పేరు ఆ ఊరి జాబితాలో ఉందా, లేక రెవెన్యూ గ్రామం పేరు కింద కలిసిపోయిందా అని చూడాల్సింది మనమే. శిబిరం పెద్ద ఊరి బడి దగ్గర పెడితే తాండావాళ్ళు రారు, తాండా చెట్టు కింద పెట్టమని ముందే అడగాలి.

శిబిరం ఏడాదికోసారి వస్తుంది, దగ్గు ఎప్పుడైనా వస్తుంది. కాబట్టి రోజువారీ పని ఒకటి కావాలి, దగ్గేవాడు ఇంటి దగ్గరే ఉండి అతని తెమడ మాత్రం బస్సెక్కే పని. ఆశా కార్యకర్త దగ్గర మూత బిగుతుగా పట్టే డబ్బాలు ఉంటాయి, లేకపోతే ఆరోగ్య కేంద్రంలో అడగాలి. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, ఒళ్ళు తగ్గడం, దగ్గులో రక్తం, వీటిలో ఏది ఉన్నా చాలు. ఉదయం లేవగానే, ఏమీ తినకముందు, నీళ్ళతో నోరు పుక్కిలించి, ఇంటి బయట గాలి ఆడే చోట నిలబడి, లోపలి నుంచి దగ్గి తీయాలి. నోట్లో ఊరే ఉమ్మి పనికిరాదు, చిక్కని తెమడ కావాలి. డబ్బా మీద పేరు, ఊరు, తేదీ రాయాలి. ఎండలో పెట్టకూడదు, ఆ రోజే పంపాలి. 'జన్యు యంత్రంలో పెట్టండి' అని చీటీ మీద రాయించాలి, సూక్ష్మదర్శినితో సరిపెట్టనివ్వకూడదు. లేదని ఫలితం వచ్చి దగ్గు మాత్రం ఆగకపోతే, దగ్గు మందు సీసా పట్టుకుని ఇంటికి రాకుండా, ఛాతీ ఎక్స్‌రే అడగాలి.